అరంగుళం తీసేసిన స్పీకర్లు

మా బావ దర్జీ. ఆయన అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ, అందరూ అరంగుళం మాస్టారు అంటారు. ఎవరు ఏ కోటు తెచ్చినా, ఏ గౌను తెచ్చినా, వేసుకున్న మనిషిని ఒకసారి చుట్టూ తిప్పి చూసి, మెడలో వేలాడే టేపు అందుకుని, "అరంగుళం తీస్తే సరిపోతుంది" అంటాడు. ఎక్కడ తీస్తాడో అడగకూడదు. తీశాక మాత్రం ఆ బట్ట ఆ ఒంటి కోసమే పుట్టినట్టు కూర్చుంటుంది. ఈ సంగతి నేను ఒప్పుకుంటాను గానీ ఆయన ఎదుట ఒప్పుకోను. మరదల్ని, నాకూ కొన్ని హక్కులుంటాయి.

రెడీమేడ్ అన్న మాట ఆయన చెవిన పడకూడదు. "రెడీమేడ్ చొక్కా అంటే ఎవరికో చూసిన సంబంధం మనకి అంటగట్టడం" అంటాడు. ఇంట్లోకి దిండు గలీబు కొన్నా ఒక అంచు విప్పి మళ్లీ కుడితే గానీ తల పెట్టడు. మా నాన్న ముచ్చటపడి కొనిచ్చిన కోటుని కూడా వారం తిరక్కుండానే విప్పేసి, ముక్కలన్నీ బల్ల మీద పరిచి, మళ్లీ కుట్టుకున్నాడు. ఆ ముక్కల్ని చూసిన మా నాన్న చాన్నాళ్లు అల్లుడితో ముభావంగానే ఉన్నాడు.

అలాంటి మనిషి తన కారుకి రెడీమేడ్ స్పీకర్లు కొన్నాడు. ఎందుకు కొన్నాడో చెప్పాలంటే ముందు మా అక్క గురించి చెప్పాలి.

అక్క పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. నేను అదే వీధిలో కళ్లజోళ్ల షాపులో పని చేస్తాను. సాయంత్రం బావ తన కొట్టు కట్టేసి, పాత కారులో వచ్చి మా ఇద్దర్నీ ఎక్కించుకుంటాడు. అక్క ముందు సీట్లో, నేను వెనక. కూర్చోగానే అక్క రెండు పనులు చేస్తుంది. కిటికీ అద్దం పూర్తిగా దించుతుంది, బావ వైపు తిరిగి, "ఊఁ, ఇవాళ ఎవరొచ్చారు?" అంటుంది.

అద్దం దించకపోతే అక్క కారులో కూర్చోలేదు. చిన్నప్పటి నుంచీ అంతే, మొహానికి గాలి కొట్టకపోతే కడుపులో తిప్పేస్తుంది. ఏసీ వేస్తే ఇంకా కష్టం. వెనక సీటు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక ఆ రెండో పని. బావ కొట్లో మాట్లాడలేడు, నోటి నిండా గుండుసూదులుంటాయి. ఇంటికొచ్చాక అలసట, అన్నం, నిద్ర. ఆయన నోరు ఖాళీగా ఉండేది కారులోనే. అక్క అలా అడగడమే ఆలస్యం, పగలంతా సూదుల వెనక దాచుకున్న కబుర్లన్నీ విప్పేవాడు. పొట్ట లోపలికి పీల్చి కొలతలిచ్చి, కుట్టాక బిగుతుగా ఉందని పోట్లాటకొచ్చిన పెద్దమనిషి, తన గౌను పక్కింటావిడకి చూపించొద్దని ఒట్టు వేయించుకున్న ఇల్లాలు, అందరూ ఆ కారులో మాతోపాటే ఇంటికొచ్చేవాళ్లు. అక్క పగలబడి నవ్వేది. వాళ్ల కాపురం నడిచేది ఆ కారులోనేనని నాకు అప్పుడప్పుడూ అనిపించేది.

ఒకరోజు రేడియోలో ఏదో పాట వస్తుంటే అక్క నవ్వుతూ, "ఈ పాడేవాడి మీద ఎవరో దుప్పటి కప్పినట్టున్నారండీ" అంది. అక్కడితో మర్చిపోయింది కూడా. కానీ అక్క నవ్వుతూ అన్న మాటల్ని బావ నవ్వకుండా దాచుకుంటాడు. ఆయనకి అదొక జబ్బు.

ఆ రోజు నుంచి కారులో స్పీకర్ల చర్చ మొదలైంది. తలుపుల్లో ఉన్నవి కాగితపు స్పీకర్లట, చిరిగిపోయాయట, మంచివి వేయిస్తే పాటగాడు పక్కన కూర్చుని పాడినట్టుంటుందట. "డబ్బు పెట్టడం అవసరమంటావా?" అని నన్ను అడిగాడు.

"వాతావరణం చెప్పేవాడి గొంతు బాగుంటే వాన ఆగుతుందా బావా? మనం వినేదే అది" అన్నాను.

"నీకు చెవులు లేవు" అన్నాడు. సలహా అడిగేవాళ్లందరూ మనసులో కొనేశాకే అడుగుతారు.

స్పీకర్ల షాపుకి నన్నూ తీసుకెళ్లాడు. అక్కడి కుర్రాడు అట్టపెట్టె విప్పి, "మీ కారు మోడల్‌కే చేసింది సార్. వైరు కొయ్యక్కర్లేదు, తలుపుకి చిల్లు పెట్టక్కర్లేదు. పాతది తీసి ఇది పెట్టడమే" అన్నాడు. బావ జేబులోంచి టేపు తీసి స్పీకరుకి నడుం కొలత తీసుకున్నాడు. కుర్రాడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"మేమే బిగించిస్తాం సార్" అన్నాడు కుర్రాడు.

"రెడీమేడ్ ఏదీ ఉన్నదున్నట్టు సరిపోదు బాబూ. నేను చూసుకుంటాలే" అన్నాడు బావ.

ఆదివారం పొద్దున వాకిట్లో కారు తలుపులు విప్పి, ఆయనే బిగించాడు. అబద్ధమెందుకు, అద్భుతంగా ఉంది. ఎన్నోసార్లు విన్న పాతపాటలో వెనక ఎవరో గజ్జెలాంటిదేదో వాయిస్తున్నారని నాకు అప్పుడే తెలిసింది. పాడేవాడు దుప్పటి తీసేసి, స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చినట్టుంది. అక్క కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి విని, "భలే ఉందండీ!" అంది. బావ ఎంత పొంగిపోయాడంటే ఆ పూట పిలిస్తే పలకలేదు.

మర్నాడు సాయంత్రం అక్క కారెక్కి అద్దం దించే మీట నొక్కింది. అద్దం నాలుగు వేళ్ల మేర దిగి, టక్కున ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ టక్కు. బావ వైపు అద్దమూ అంతే.

"మోటారు ముసలిదైపోయింది" అన్నాడు బావ.

"రెండూ ఒకేసారి ముసలివయ్యాయా?" అన్నాను.

"కవలలు" అన్నాడు.

అక్క ఆ నాలుగు వేళ్ల సందుకి ముక్కు ఆనించి కూర్చుని, "ఊఁ, ఇవాళ ఎవరొచ్చారు?" అంది. "ఆగాగు, ముందు ఇది విను" అంటూ బావ పాట పెంచాడు. సగం దారిలో అక్క మొహం పాలిపోయింది. కారు ఆపించి, దిగి, మూసి ఉన్న ఒక కొట్టు మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. మర్నాడూ అంతే జరిగింది. ఆ మరుసటి రోజు, "మీరిద్దరూ వెళ్లండి, నేను బస్సులో వస్తా" అంది.

నేను కారులోనే ఉండిపోయాను. అక్క మీద ప్రేమ లేక కాదు, బస్సులో నిలబడే ఓపిక లేక.

బావ అద్దాల సందుల్లో నూనె పోశాడు, మీటలు విప్పి తుడిచాడు, మోటార్లని తిట్టాడు. మెకానిక్ దగ్గరికి వెళ్దామంటే, "నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది" అన్నాడు. తన చేతి పనిలో తప్పుండొచ్చని ఆయనకి తట్టనే లేదు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఈలోగా అక్కకి బస్సు అలవాటైపోయింది. కిటికీ పక్క సీటు, బోలెడు గాలి. పక్కన రోజూ ఒక నర్సు కూర్చుంటుందట, డ్యూటీ కబుర్లు చెబితే పొట్ట చెక్కలవుతుందట. అక్క ఇల్లు చేరేసరికే నవ్వేసి వచ్చేది. అన్నాల దగ్గర ఆ కబుర్లు మాకు చెప్పేది. బావ తల వంచుకుని వినేవాడు. ఇదివరకు ఆ నవ్వు ఆయన వల్ల వచ్చేది.

కారులో ముందు సీటు ఖాళీ. ముందుకి రమ్మని ఆయన అనలేదు, నేనూ వెళ్లలేదు. పాట మాత్రం అమోఘంగా వచ్చేది. "ఎలా ఉంది?" అనేవాడు. "చాలా బాగుంది" అనేదాన్ని. "ఊఁ" అనేవాడు. ఒకరోజు ఉండబట్టలేక నేనే, "ఇవాళ ఎవరొచ్చారు బావా?" అన్నాను. "ఎవరూ రాలేదు" అన్నాడు. మధ్యాహ్నం అటు వెళ్తూ చూశాను, ఆయన కొట్టు జనంతో కిటకిటలాడుతోంది. నాకు మనసు చివుక్కుమంది.

ఆ వారం చివర్లో అక్క, "ఒకటో తారీఖు నుంచి బస్సు పాస్ తీసుకుంటానండీ, రోజూ టికెట్ ఎందుకు?" అంది. మామూలుగానే అంది. బావ కలుపుతున్న ముద్ద కలుపుతూనే ఉండిపోయాడు.

మర్నాడు నా ప్యాంటు ఒకటి పొట్టి చేయించుకుందామని కొట్టుకి వెళ్లాను. బావ నోట్లో సూదులు పెట్టుకుని, ఒకే చెయ్యి కుట్టిన కోటు తొడిగి ఒకాయనని నిలబెట్టాడు. కత్తిరింపు బల్ల మీద కాగితాలు ఎగరకుండా రెండు నల్లటి ప్లాస్టిక్ చక్రాలు పెట్టి ఉన్నాయి. అరంగుళం మందం, మధ్యలో గుండ్రటి ఖాళీ.

"ఇవెక్కడివి బావా?"

"స్పీకర్ల డబ్బాలో వచ్చాయి" అన్నాడు సూదుల సందులోంచి. "తలుపుకీ స్పీకరుకీ మధ్య పెట్టాలట. దండగ. పెడితే స్పీకరు ఎత్తుపళ్లలా ముందుకొస్తోంది. అందుకే తీసేశా. ఇప్పుడు చూడు, ఎంత నీటుగా లోపలికి కూర్చుందో!"

నా చేతిలో ప్యాంటు ఉండబట్టి గానీ, లేకపోతే నాకూ తట్టేది కాదు.

"బావా, ఈ ప్యాంటుకి సీటు దగ్గర వదులు దండగని అరంగుళం తీసేస్తే ఏమవుతుంది?"

"వేసుకున్నవాళ్లు కూర్చోలేరు. కూర్చోవడానికి చోటుండొద్దూ?"

"మరి అద్దం తలుపులోకి దిగి ఎక్కడ కూర్చుంటుంది?"

బావ నా వైపు చూశాడు. ఆ చక్రాల వైపు చూశాడు. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాడు. మెడలో టేపుతో బయటికి వెళ్లి, కారు తలుపు పైసందులోంచి టేపు లోపలికి జారవిడిచాడు. స్పీకరు వెనకవైపు లావుపాటి అయస్కాంతం సరిగ్గా అద్దం దిగే దారికి అడ్డంగా ఉంది. నడుం కొలిచిన మనిషి వీపు కొలవలేదు. ఊరందరికీ సరిపోయేట్టు కుట్టే చేతులు, సరిపోయేట్టు వచ్చిన ఒక్క వస్తువునీ సరిపోకుండా చేశాయి.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నేను ఆయన్ని ఏడిపించడానికి ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్న అవకాశం అది. ఆ మొహం చూశాక దాన్ని వదిలేసుకున్నాను.

అక్కడికక్కడే తలుపులు విప్పాడు. ఒంటిచెయ్యి కోటాయన కోటు విప్పుకునే దారి లేక, మరలు పోకుండా అరచేతిలో పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. చక్రాలు మధ్యలో పెట్టి బిగించాక బావ మీట నొక్కాడు. అద్దం సరసరా దిగిపోయింది. "దిగిందండీ!" అని కోటాయన కేక పెట్టాడు, తన సొంత కారైనట్టు.

సాయంత్రం మేం వెళ్లేసరికి అక్క బస్సు స్టాపులో వరసలో నిలబడి ఉంది. బావ రెండు అద్దాలూ దించి, కారు ఆమె ముందు ఆపాడు.

"మోటారు మార్పించారా?" అంది అక్క.

"మోటారు మంచిదే. నేనే ఎక్కువ తీసేశా."

"ఎంత?"

బావ స్టీరింగు వైపు చూస్తూ, "అరంగుళం" అన్నాడు.

అక్క పెదవి కొరుక్కుంది. వెనక బస్సు వచ్చి హారన్ కొట్టింది. కిటికీ పక్కన నర్సు చెయ్యూపుతోంది, పక్క సీటు ఖాళీగా ఉంచింది కూడా. అక్క బస్సు వైపు చూసింది. బావ ముందు సీటు మీద లేని దుమ్ముని చేత్తో దులిపాడు. అక్క నర్సుకి చెయ్యూపి, కారెక్కింది.

బావ ఉత్సాహంగా పాట పెట్టాడు. తెరిచిన కిటికీలోంచి గాలి, హారన్లు, లారీల రొద, ఎవరిదో బండి సైలెన్సరు. గజ్జె లేదు, పాటగాడూ లేడు. బావ పాట పెంచాడు, రోడ్డు తన రొద ఇంకా పెంచింది. ఎవరైనా నన్నడిగితే ఆ స్పీకర్లు పెట్టిన డబ్బుకి తగినవే, కొనుక్కోవచ్చు, పెట్టెలో వచ్చింది ఏదీ తీసెయ్యకుండా ఉంటే చాలు. కాకపోతే మావి ఎంత మంచివో ఆదివారం కారు కడిగేటప్పుడు మాత్రమే తెలుస్తుంది.

అక్క ముంగురులు ఎగురుతుండగా బావ వైపు తిరిగింది.

"ఊఁ, ఇవాళ ఎవరొచ్చారు?"

బావ చెయ్యి చాపి పాట కట్టేశాడు. "ఒంటిచెయ్యి కోటాయన ఒకాయన వచ్చాడు..." అని మొదలుపెట్టాడు. ఆయన పొట్ట దగ్గర నుంచి, అరచేతిలో మరల దాకా, ఆ కేక దాకా, ఏదీ వదల్లేదు. తన తెలివితక్కువతనాన్ని కూడా వదల్లేదు, దాన్నే ఎక్కువ చెప్పాడు. అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. వెనక నేనూ కళ్లు తుడుచుకున్నాను, నాది మాత్రం పూర్తిగా నవ్వు కాదు. ఇంటి ముందు కారు ఆగింది, కథ ఇంకా అవలేదు. ముగ్గురం దిగకుండా అలాగే కూర్చున్నాం.