మీరు పదండి, నేనొస్తా

మా అత్తగారు లండన్‌లో తప్పిపోయారన్నది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ. కాకినాడలో ఆవిడ అపార్ట్‌మెంట్ వాళ్లకీ తెలుసు. మా ఆవిడ డాక్టరుగా పనిచేసే వార్డులో నర్సులకీ తెలుసు. రెండేళ్లుగా ఆ కథ చెబుతున్నది నేనే. అందులో రైలు నిజం, ఈదురుగాలి నిజం, యాభై నిమిషాల పాటు ఆవిడ కనిపించకపోవడం నిజం. తప్పిపోవడం మాత్రం నిజం కాదు.

ఇప్పుడు ఆ కథను పట్టుకుని ఆవిడ గురించి ఒక నిర్ణయం జరగబోతోంది. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషిని తన ఫ్లాట్‌లో తనను ఉండనివ్వాలా, లేక మతిమరుపు వచ్చినవాళ్లను చూసుకునే హోమ్‌లో చేర్పించాలా అన్నది ఆ నిర్ణయం. అందుకని ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అది రెండేళ్ల కిందట, అత్తగారు మా దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు, ఏప్రిల్‌లో ఒక శనివారం. మేముండే నార్తాంప్టన్ నుంచి తల్లినీ కూతుర్నీ లండన్ పంపించి, నేను ఇంట్లో పడుకుందామనుకున్నాను. ముందురోజు మా ఆవిడకి డ్యూటీ మారి ఆ శనివారమే పడింది.

"మీరు తీసుకెళ్లండి. అమ్మేం కరవదు మిమ్మల్ని," అంది.

కరవరు, నిజమే. కానీ పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా నేను హాల్లోకి వస్తే ఆవిడ సోఫాలోంచి లేచి నిలబడతారు. ముప్పై ఏళ్లు మునిసిపల్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఆవిడ వరండాలోకి వస్తే పిల్లలు నోళ్లు మూసుకునేవారట. అల్లుడి ముందు మాత్రం గొంతు సగానికి తగ్గిపోతుంది. నన్ను ఒక్క ప్రశ్న అడగరు. ఏదైనా కావాలంటే కూతురు వచ్చేదాకా ఆగుతారు. అలాంటి మనిషితో ఒక రోజంతా గడపాలంటే నాకు భయంగానే ఉంది.

లండన్‌లో రైలు దిగగానే ఆవిడ నా వెనక రెండడుగుల దూరంలో నడవడం మొదలుపెట్టారు. ఆ జనంలో ప్రతి పది అడుగులకీ వెనక్కి తిరిగి చూసుకోవలసి వచ్చింది. విసుగొచ్చి ఆగాను.

"అత్తయ్యగారూ, మీరు ముందు నడవండి. నేను వెనకాల వస్తా. నాకు మీరు కనిపిస్తూ ఉండాలి," అన్నాను.

"అలాగేనండి," అన్నారు. అప్పటినుంచి ఆవిడ ముందు, నేను వెనక. నేను చెయ్యి చూపించిన వైపు తిన్నగా వెళ్లేవారు. వెనక్కి తిరిగి చూసేవారు కాదు. అల్లుడు వస్తున్నాడో లేదో అని తిరిగి చూస్తే నా మాటను అనుమానించినట్టు అవుతుందని ఆవిడ ఉద్దేశమని నాకు తర్వాత తెలిసింది.

ట్రఫాల్గర్ స్క్వేర్‌కి వెళ్లేసరికి పన్నెండు దాటింది. పట్టుచీర మీద నా పాత చలికోటు, కాళ్లకి కూతురు కొన్న తెల్ల బూట్లు. ఎత్తైన స్తంభం కింద ఉన్న నల్లటి సింహాల్లో ఒకదాని ముందు నిలబెట్టి ఫొటో తీశాను. ఆవిడ సింహాన్ని కిందనుంచి పైదాకా చూసి, ఆ రోజంతటిలో మొదటిసారి తనంతట తాను మాట్లాడారు.

"మొహం సింహందే గానీ, కాళ్లు కుక్కకాళ్లలా ఉన్నాయేంటండి?"

ఇరవై సార్లు వచ్చి ఉంటాను అక్కడికి. నేనెప్పుడూ చూడలేదు. నిజంగానే కుక్క పంజాల్లా ఉన్నాయి. నవ్వాను. ఆవిడా నవ్వారు. దక్షిణం వైపు రోడ్డు చివర గడియారపు స్తంభం కనిపిస్తుంటే చెయ్యి చూపించాను. "తర్వాత అక్కడికే. తిన్నగా ఈ రోడ్డే."

అప్పుడు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆ వారం ఏ సమస్య వచ్చినా పలకవలసింది నేనే. గాలికి వీపు పెట్టి, ఒక చెవి మూసుకుని మాట్లాడుతున్నాను. ఆవిడ మూడడుగుల దూరంలో సంచి పట్టుకుని నిలబడ్డారు. మేనేజరు నన్ను గట్టిగానే అడుగుతున్నాడు, నేను నసుగుతున్నాను. అత్తగారి ముందు ఆ నసుగుడు నాకు నామోషీగా అనిపించింది. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో అలా విసిరినట్టు చేసి అన్నాను:

"మీరు పదండి, నేనొస్తా."

సరిగ్గా ఈ మాటే. ఇంట్లో భోజనానికి పిలిస్తే రోజూ నేను అనే మాట. నా నోట్లో దానికి రావడమనే అర్థమే ఉండదు, నెత్తిమీద నిలబడొద్దని అర్థం. అది మా ఆవిడకి తెలుసు, అరగంట తర్వాత మళ్లీ పిలుస్తుంది. కానీ పొద్దుటినుంచి అత్తగారు ముందు, నేను వెనక అని ఏర్పాటు చేసింది నేనే. తర్వాత ఎటు వెళ్లాలో రెండు నిమిషాల కిందట చూపించిందీ నేనే. ఆవిడ తలాడించి నడిచారు.

పది నిమిషాల్లో ఫోను అయిపోయింది. తిరిగి చూస్తే ఆవిడ లేరు. ఫౌంటెన్ అవతల మెట్ల మీద కూర్చుని ఉంటారనుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పాలి. లేకపోయేసరికి హాయిగా అనిపించింది. పక్క వీధిలో కాఫీ షాపులోకి వెళ్లి, ఒక లాటే తీసుకుని, ఫోన్లో క్రికెట్ స్కోరు చూస్తూ పావుగంట కూర్చున్నాను. నేను చెప్పిన కథలో ఈ పావుగంట ఎప్పుడూ లేదు.

తిరిగి వచ్చి మెట్లు చూశాను. ఫౌంటెన్లు రెండూ చుట్టాను. నాలుగు సింహాల వెనకా చూశాను. భూగర్భ రైలు మెట్లు దిగి మళ్లీ ఎక్కాను. ఆడవాళ్ల టాయిలెట్ ముందు నిలబడి వచ్చేవాళ్ల మొహాలు చూస్తుంటే ఒకావిడ నన్ను ఎగాదిగా చూసింది. అత్తగారి ఫోన్‌కి చేద్దామంటే అది ఇండియా సిమ్. రోమింగ్ ఎందుకు, నేనుంటాగా అని ఇంట్లోనే పెట్టించేశాను. ఆవిడకి షుగరు ఉంది, మధ్యాహ్నం మాత్ర వేసుకోవాలి. పచ్చ కోటు వేసుకున్న కాపలా మనిషి ఒకడు కనిపిస్తే పరుగెత్తాను. ఏం కట్టుకున్నారు అని అడిగాడు. చీర అన్నాను. ఏ రంగు అన్నాడు. నీలం అన్నాను. అది మెరూన్. ఆవిడ ఫొటో నా చేతిలోని ఫోన్లోనే ఉందని తోచలేదు.

నీళ్ల చప్పుడు, ఎవరో వాయిస్తున్న డప్పు, పిల్లల కేకలు, అన్నీ ఒకటే మోతగా వినిపిస్తున్నాయి. మా ఆవిడకి ఫోను చెయ్యాలి. చెయ్యలేదు. దానికి బదులు ఏమని చెప్పాలో మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టాను. 'ఇక్కడే కూర్చోమని చెప్పాను.' ఆ వాక్యం నాకు ఫౌంటెన్ పక్కన దొరికింది. రెండు మూడుసార్లు అనుకునేసరికి అలాగే చెప్పానని నాకే అనిపించింది. ఆవిడ దొరకకముందే, ఆవిడకి ఏమైందో తెలియకముందే, నా అబద్ధం సిద్ధంగా ఉంది.

అప్పుడు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎవరో అమ్మాయి, తెలంగాణ మాట.

"హలో అంకుల్, మీ అత్తమ్మ ఈడ గడియారం కాడ ఉన్నరు. నేను స్టూడెంట్‌ని. పరేషాన్ కాకుండ్రి, మంచిగున్నరు."

ఫోను చెవికి నొక్కుకుని దక్షిణం వైపు తిరిగాను.

"ఆంటీ ఒకటి అడుగుమంటున్నరు అంకుల్. మీ మీటింగ్ అయిపోయిందా అని. కాకపోతే ఇంకా జెరసేపు కూసుంటరంట."

పరుగులాంటి నడకతో వెళ్లాను. గడియారం కింద ఒక అరుగు మీద, ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఉన్నారు. ఇద్దరి మధ్యా డబ్బా, అందులో దిబ్బరొట్టి ముక్కలు. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు.

"వెనకే వస్తున్నారనుకున్నానండి. ఇక్కడికొచ్చాక తిరిగి చూస్తే లేరు. ఆఫీసు ఫోను కదా, మధ్యలో చేస్తే బాగోదని ఆగాను."

"నా నంబరు ఎలా? ఎక్కడన్నా రాసుకున్నారా?"

"రాసుకోవడం ఎందుకండీ, ఇక్కడి నంబర్లు పదకొండంకెలేగా."

ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది. "మీకు ఆంటీ నంబర్ యాదికుందా అంకుల్?"

తిరుగు రైల్లో ఉండగా మా ఆవిడ ఫోను చేసింది. డ్యూటీ మధ్యలో, ఎలా ఉంది అమ్మ అని. చెప్పకుండా ఊరుకోవచ్చు. కానీ అత్తగారు చెబుతారేమోనని ముందే చెప్పేశాను. "ఇక్కడే కూర్చోమని చెప్పానే. ఆవిడ మర్చిపోయి ఎటో నడుచుకుంటూ వెళ్లిపోయారు. గంటసేపు వెతికాను. పాపం ఎవరో స్టూడెంట్ పట్టుకుంది."

అత్తగారు నా ఎదురు సీట్లో ఉన్నారు. అన్నీ విన్నారు. కిటికీ వైపు తిరిగారు. కూతురు అమ్మకివ్వమంది, ఇచ్చాను.

"అవునమ్మా... ఏమో, నాకే తోచలేదు... అల్లుడుగారిని ఏమీ అనకు. చాలా కంగారుపడ్డారు."

ఆ సాయంత్రమే మా ఆవిడ తల్లిని కూర్చోబెట్టి ఇవాళ ఏం వారం, ఏం తేదీ అని అడిగింది. వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ రమ్మంది. "ఇదేంటే, మూడో తరగతి లెక్కా?" అని ఆవిడ నవ్వారు. తొంభై మూడు, ఎనభై ఆరు అంటూ చకచకా మొదలుపెట్టారు. మధ్యలో కూతురి మొహం చూశాక, ఇది మతిమరుపు పరీక్షని ఆవిడకి అర్థమైంది. డెబ్బై రెండు దగ్గర ఆగిపోయారు. నేను పక్కన కూర్చుని ఆపిల్ కోస్తున్నాను.

తర్వాతదంతా ఒకటొకటిగా జరిగింది. హైదరాబాద్‌లో ఉండే తమ్ముడికి, అంటే మా బావమరిదికి, మా ఆవిడ ఇదంతా చెప్పింది. అత్తగారు కాకినాడ చేరేసరికి గ్యాస్ వెలిగించడానికి ఒక మనిషిని పెట్టాడు. ఒంటరిగా గేటు దాటనివ్వొద్దని వాచ్‌మన్‌కి చెప్పాడు. సాయంత్రాలు తొమ్మిదో తరగతి పిల్లలు లెక్కలకి వచ్చేవారు. ఆ వాచ్‌మన్ నోటినుంచి సంగతి పాకి, పిల్లలు ఒక్కరొక్కరే మానేశారు. ఫోన్‌లో ఆవిడ మాటకి ముందు ఆగడం మొదలైంది. ప్రతి మాటా ఒకసారి సరిచూసుకుని అన్నట్టు. చూశావా, తడబడుతోంది అనేవాళ్లు అక్కాతమ్ముడూ. నేను విని ఊరుకునేవాణ్ణి.

పోయిన నెల బావమరిది ఒక హోమ్ చూశాడు. వాళ్ల దరఖాస్తు మా ఆవిడకి పంపించాడు. మొదటిసారి దారి తప్పింది ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని ఒక ప్రశ్న ఉంది.

"అక్కడున్నది మీరేగా. మీరు చెప్పండి, నేను టైపు చేస్తా," అంది.

రేపు చెబుతానన్నాను. మర్నాడు ఆఫీసు పనని చెప్పి ఒక్కణ్ణే లండన్ వెళ్లాను. స్క్వేర్‌లో ఆ సింహం దగ్గర్నుంచి గడియారం దాకా నడిచాను. ఎందుకు వెళ్లానో కచ్చితంగా చెప్పలేను. బహుశా ఆవిడ ఎక్కడైనా పొరపాటు పడ్డారని తేలితే నా బరువు తగ్గుతుందని కావచ్చు. సిగ్నళ్లు ఉన్నాయి, దారిలో గుర్రాల మీద సైనికులు, వాళ్ల చుట్టూ ఫొటోలు తీసే జనం. కానీ ఉన్నది తిన్నగా ఒకటే రోడ్డు. దారి తప్పడానికి అక్కడ ఇంకో దారి లేదు.

ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి మా ఆవిడకి చెప్పేశాను. ఫోన్ మధ్యలో అన్న మాట, కాఫీ షాపు, రైల్లో చెప్పిన అబద్ధం, అన్నీ. అరుస్తుందనుకున్నాను. పొయ్యి ఆర్పింది.

"వందలోంచి ఏడు నేను అడిగాను," అంది. "మా అమ్మని నేను అడిగాను."

తన ఫోను నా ముందు పెట్టింది. "చెయ్యండి. నేను కాదు, మీరు."

అత్తగారు ఎత్తారు. నేను తడబడుతూ మొత్తం చెప్పాను.

"అయితే పదండి అన్నారా మీరు?"

"అన్నానండి."

"నేనొస్తా అని కూడా?"

"అన్నానండి."

"చాలాసార్లు ఆలోచించానండి. మొదట్లో అన్నారనే గట్టిగా అనుకున్నాను. అందరూ అలా చెబుతుంటే, అనలేదేమో, నాకే అలా వినబడిందేమో అనుకోవడం మొదలుపెట్టాను. పిల్లలు వస్తే లెక్క చెయ్యాలన్నా భయమేసేది." గొంతు సవరించుకున్నారు. "ఈ మాట మావాడికి మీరే చెప్పండి. నేను చెబితే వాడు నమ్మడు."

అప్పుడే బావమరిదికి చేశాను. ఓపిగ్గా విన్నాడు.

"మీది పెద్ద మనసు బావగారూ. కానీ అమ్మ మీద జాలితో తప్పు మీ మీద వేసుకుంటే ఎలాగండి?"

"వేసుకోవడం కాదయ్యా. జరిగింది చెబుతున్నా."

"రెండేళ్లయింది కదండీ, మీకు మాత్రం సరిగ్గా గుర్తుంటుందా? సరే, చూద్దాం."

చూద్దాం అన్నాడంటే చూడడని మా ఇద్దరికీ తెలుసు. ఆవిడకి ఇప్పుడు నిజంగానే మతిమరుపు మొదలైందో లేదో నాకు తెలియదు. రెండేళ్లు బెదిరిపోయి బతికితే ఎవరైనా తడబడతారని మా ఆవిడ అంటోంది. ఆ మాట డాక్టరుగా అంటోందో కూతురిగా అంటోందో అడిగే ధైర్యం నాకు లేదు.

ఇద్దరం సెలవు పెట్టాం. ఎల్లుండి హైదరాబాద్ వెళ్లి బావమరిది ఎదురుగా కూర్చుని చెప్పాలి. హోమ్ వాళ్లు గదిని నెలాఖరు వరకే పట్టి ఉంచుతారట, ఈలోగా చేర్పించాలని అతని తొందర. ఏం చెప్పాలో నాకు తెలుసు. రెండేళ్లు నేను నమ్మకంగా అబద్ధం చెప్పినంత బాగా ఈ నిజం చెప్పగలనా అన్నదే తెలియడం లేదు.