అంబులెన్సుకు పెట్టిన ఇనుప ఊత

మంచిర్యాల కొత్తగా జిల్లా అయిన మరుసటి వేసవిలో నన్ను మందమర్రిలోని ఒక ఆటో వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. గనుల బండ్లు బాగుచేసే చోటు అది. ఫోర్‌మన్ అంటే ఫిట్టర్ల పైన, ఇంజినీరు కింద. పని చేయించేదీ అతనే, తిట్లు తినేదీ అతనే.

మా ఇంజినీరు గారికి పుస్తక జ్ఞానం దండిగా ఉండేది. ఆయన చొక్కాకు మాత్రం ఏనాడూ గ్రీజు మరక అంటలేదు. పాత డీజిల్ అంబులెన్సుకు పవర్ స్టీరింగ్ పెట్టించాలన్నది ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. కాలనీ సందుల్లో ఆ బండిని తిప్పేసరికి డ్రైవర్ ఓదెలు భుజాలు పడిపోయేవి. ఇంజిన్ ముందు స్టీరింగ్ పంపు బిగించి, బెల్టు వేసి, గొట్టాలు కలిపాం. కొబ్బరికాయ కొట్టాక ఇంజినీరు గారు ఒక్క వేలితో స్టీరింగ్ తిప్పుతూ ఫొటో దిగారు.

వారం తిరక్కుండానే ఓదెలు వచ్చాడు. నడుస్తున్నప్పుడు బండి బాగానే ఉంటోంది, ఆగి ఐడిలింగ్‌లో ఉంటే వణుకుతోంది. గని గేటు దగ్గర ఆగినప్పుడు, కాలు విరిగిన కార్మికుడు స్ట్రెచర్ మీద కేకలు పెట్టాడట.

ఇంజినీరు గారు బానెట్ వైపు ఒకసారి చూసి అక్కడికక్కడే తేల్చేశారు: డీజిల్‌లో కిరోసిన్ కలిసింది, కలిపింది డ్రైవరే. ఇంజెక్టర్లు విప్పించారు, డీజిల్ పంపును పరీక్షకు పంపించారు. ఏ తప్పూ దొరకలేదు. దొరక్కపోవడమే ఓదెలు తెలివికి రుజువట! ఛార్జిషీటు ఇచ్చారు. సోమవారం విచారణ. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది.

"సారూ, ఇరవై ఏండ్ల సంది గీ బండి మీదనే ఉన్న. చుక్క కిరోసిన్ పోయలే. జర మీరన్న సూడుండ్రి" అన్నాడు ఓదెలు.

శనివారం పొద్దున బండి తీసుకున్నాను. ఐడిలింగ్ అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తనంతట తాను తిరిగే వేగం. కొలిచాను, స్థిరంగా ఉంది. పొగ శుభ్రంగా ఉంది. కొత్త పంపు భారం పడుతోందేమోనని దాని బెల్టు తీసేశాను. వణుకు తగ్గలేదు. అంటే ఇంజిన్‌లో లోపం లేదు, పంపులోనూ లేదు. అప్పుడు బండి కిందికి దూరాను.

పంపును మోసే బ్రాకెట్‌ను ఇంజిన్‌కు మాత్రమే బిగించాలి. మావాళ్లు గట్టిగా ఉంటుందని దానికొక ఇనుప ఊత వెల్డింగ్ చేసి, రెండో కొసను చాసిస్‌కు, అంటే బండి చట్రానికి, బోల్టులతో బిగించారు. ఇంజిన్‌ను రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెట్టేదే దాని వణుకు చాసిస్‌కు అందకూడదని. మేం పనిగట్టుకుని కడ్డీ పెట్టి మరీ అందించాం. రెండు బోల్టులు విప్పగానే స్ట్రెచర్ గలగల ఆగిపోయింది.

"గంతేనా సారూ?" అన్నాడు ఓదెలు. ఆ ఊత వైపు చూసి, "గది పెట్టిన నాడు మీరు కిందికి వంగి సూడలేదా?" అని అడిగాడు.

చూడలేదు. ఊత బొమ్మ గీసి ఇచ్చింది ఇంజినీరు గారే. కానీ తనిఖీ చేశానని ఆ పని వివరాలు రాసే జాబ్ కార్డు మీద సంతకం పెట్టింది నేను. ఆయనను వెక్కిరించడానికి నాకున్న అర్హత అంత మాత్రమే. సిగ్గేసింది.

విచారణలో ఆ బోల్టులు బల్ల మీద పెట్టి, నా తప్పు కూడా చెప్పాను. ఇంజినీరు గారు తన నివేదికలో "స్వల్ప సర్దుబాటు" అని రాసుకున్నారు. ఓదెలు ఉద్యోగం నిలిచింది. అయితే ఇచ్చిన ఛార్జిషీటును ఊరికే వెనక్కి తీసుకుంటే పరువేం కావాలి? ఇకముందు జాగ్రత్తగా ఉండవలెనని అతనికే హెచ్చరిక జారీ చేశారు.

నేను నేర్చుకున్నది చిన్నదే. మార్పు చేసిన బండి మొరాయిస్తే ముందు ఆ మార్పునే విప్పి చూడాలి, సంతకానికి ముందు బండి కిందికి దూరాలి. ఓదెలు సర్వీసు పుస్తకంలో ఆ హెచ్చరిక రిటైరయ్యేదాకా ఉండిపోయింది. నా పుస్తకంలో నా తప్పు గురించి ఒక్క అక్షరం లేదు.