శింగనమల వంకల్లో మూడు గంటల పరుగు

శనివారం మధ్యాహ్నం మూడింటికి ముదిగుబ్బ బస్టాండుకు చేరాను. సంచిలో ఒక జత బట్టలు, తువ్వాలు, బైబిలు, మా అక్క కూతురు కొనిచ్చిన పరుగు బూట్లు. మర్నాడు పొద్దున శింగనమల దగ్గర కొండ కింద పద్నాలుగు కిలోమీటర్ల బురద పరుగు. దారిలో మూడుసార్లు వంక, అంటే వాగు, దాటాలి. మూడు గంటల లోపల ముగించినవాళ్ళకే పతకం.

నలభై నాలుగేళ్ళ మనిషికి ఇదేం పిచ్చి అని అడగవచ్చు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. పరిగెత్తితే గొంతులో పిల్లికూతలు. బడి మూడు మైళ్ళ దూరం కాబట్టి నాయన నన్ను పంపకుండా ఇంట్లోనే పలక పట్టించి చదువు చెప్పాడు. చదువు వచ్చింది, ఆ మేలు మరువలేను. కానీ రోల్ నంబరు, ఆటలపోటీ, ఫలానా పిల్ల ఇంత అని ఒకరు కొలిచి చెప్పడం, ఇవేవీ నాకు లేవు. నాలుగేళ్ళ కిందట డాక్టరు నడవమన్నాడు. నడక మెల్లగా పరుగయింది. దేవుడు ఊపిరి ఇచ్చాడు. ఒక్కసారి, గడియారం పెట్టి కొలిచే చోట, గడువు లోపల చేరాలని ఆశ పుట్టింది.

ఆదివారం ఆరాధన తప్పుతుందని భయపడుతూ పాస్టరమ్మతో చెప్పాను. "దేవుడు కాళ్ళిచ్చింది కూచోనీకేనా? పో, నీ కోసం ప్రార్థన చేస్తాలే," అన్నది.

మూడూ ఇరవైకి కదిరి నుంచి వచ్చే పల్లెవెలుగు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. పక్క సీటులో గొర్రెల వ్యాపారి.

"యాడికి పోతాండావమ్మా?"

"శింగనమలకు, అన్నా. పరుగు పందెముండాది."

"ఎవరు తరుముతాండారు నిన్ను?"

"ఎవరూ లేరు. మనమే దుడ్లు కట్టి పరిగెత్తాల."

"మా గొర్రెలు ఊరికే పరిగెత్తుతాయి గదప్పా!" అన్నాడాయన.

అయిదింటికి అనంతపురం. బస్టాండు ఎదుటి సందులో లాడ్జి గది ఆరు వందలు. దుప్పటి శుభ్రంగా ఉంది, అడిగితే తెల్లవారుజామున బకెట్టు వేణ్ణీళ్ళు ఇచ్చారు. రాత్రికి రెండు చపాతీలు తిని, తొమ్మిదింటికే పడుకున్నాను.

ఆదివారం పావు తక్కువ అయిదుకు టవర్ క్లాక్ దగ్గర పందెంవాళ్ళ బస్సు ఎక్కాను. నా పక్కన స్వప్న అనే అమ్మాయి కూర్చుంది. విజయవాడ పిల్ల, అనంతపురంలో బ్యాంకు ఉద్యోగం. ఇది ఆమెకు ఎనిమిదో పందెమట.

"వాగు దాటడం అలవాటుందా అక్కా?"

"మా పక్క దాటనీకి నీళ్ళు యాడుంటాయమ్మా?" అన్నాను. ఆమె నవ్వింది గానీ నేను నిజమే చెప్పాను. ఎండిన వంకలో ఇసుక మీద నడిచి పెరిగినవాళ్ళం. పారే నీటిలో అడుగు వేయడం ఎవరు నేర్పుతారు మాకు?

ఆరున్నరకు ఈల ఊదారు. నా ఛాతీ మీద నూటపద్దెనిమిది అని నంబరు. మొదటి రెండు కిలోమీటర్లు ఎర్రమట్టి దారి, రెండు పక్కలా చెనిక్కాయ, అదే వేరుశనగ, చేలు. ఈ ఏడు వానలు పట్టడంతో తీగలు పచ్చగా అల్లుకుని ఉన్నాయి. ఆ పచ్చదనం చూస్తూ సులువుగా పరిగెత్తాను. తరువాత నల్లరేగడి వచ్చింది. అడుగుకొక పిడికెడు మట్టి అంటుకుని, నాలుగు అడుగులకు బూటు రోకలిబండ అయింది. పుల్లతో గీకడం, పది గజాలు పోవడం, మళ్ళీ గీకడం.

మొదటి వంక మోకాలి లోతే. నీళ్ళ వైపు చూస్తే తల తిరిగింది. నీళ్ళు ఆగిపోయి గట్టే కదులుతున్నట్టు అనిపించి బొమ్మలా నిలబడిపోయాను. వెనకనుంచి స్వప్న కేక వేసింది. "నీళ్ళు చూడకండి అక్కా! అవతలి గట్టు చూడండి. కాలు ఎత్తొద్దు, జరపండి!" జరిపాను. దాటాను. రెండోది తొడ లోతు, తాడు కట్టారు. అవతల చేరేటప్పటికి ఎనిమిదీ అయిదు, ఎనిమిది కిలోమీటర్లు ముగిశాయి. ఊపిరి చక్కగా ఆడుతోంది. ప్రతి అడుగుకూ ఒక స్తోత్రం చెప్పుకుంటూ పోయాను.

తొమ్మిదీ పన్నెండుకు మూడో వంక. ఇంకా కిలోమీటరున్నర దూరం, చేతిలో పద్దెనిమిది నిమిషాలు. సరిపోతుందని గుండె ఎగిరింది.

అక్కడ దారికి అడ్డంగా ఊరి ఆడవాళ్ళు పదిమంది నిలబడి ఉన్నారు. చేటలో పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ. ఏళ్ళ తరువాత పారిన వంకకు గంగమ్మ పూజ చేయడానికి వచ్చారు. పందెం ఉందని వాళ్ళకెవరూ చెప్పలేదు, పూజ ఉందని పందెంవాళ్ళకూ తెలియదు. మా ముందున్న ఇద్దరు చేట పక్కనుంచే బూట్లతో దభీమని దిగి దాటారు. ఒక అవ్వ కర్ర ఎత్తింది.

"థూ, ఏం మనుషులప్పా! ఆరేండ్లకు వచ్చింది గంగమ్మ. పసుపు కుంకుమ ఇచ్చుకునేదాకా ఆగలేరా? బూట్లేసుకొని నెత్తిన తొక్కుతారా?"

మిగిలినవాళ్ళు కాస్త కిందికి పోయి దాటసాగారు. నా వెనకే వచ్చిన స్వప్న గడియారం చూసింది. "రండక్కా, మనమూ కిందనుంచి వెళ్ళిపోదాం. మీ టైమ్ పోతుంది!"

నా కాళ్ళు అటే లాగాయి. అది నా దేవుని ఆరాధన కాదు. కానీ మా చర్చిలోనూ చెప్పులు గడప బయటే విడుస్తాం. వాన కోసం ఎన్ని ఆదివారాలు మేమూ మోకరించలేదు? వచ్చిన నీటికి కృతజ్ఞత చెప్పుకుంటున్నవాళ్ళను తోసుకుని పోవడం నాకు చేతకాలేదు.

"నువ్వు పోమ్మా," అని రాయి మీద కూర్చుని బూట్ల దారాలు విప్పాను. స్వప్న ఒక క్షణం తటపటాయించి వెళ్ళింది. వెళ్ళడమే న్యాయం.

టెంకాయ కొట్టి, హారతి ఇచ్చేసరికి ఆరు నిమిషాలు. అవ్వ కుంకుమ భరిణె నా ముందుకు చాపింది.

"మేము చర్చికి పోయేవాళ్ళమవ్వా."

"అయితే ఏమాయ? నీళ్ళు నీకు వేరేగా వచ్చినాయా?" అని భరిణె పక్కన పెట్టి, దోసిట్లో వంకనీళ్ళు తీసి నా తల మీద చల్లింది. "మీ దేవుడే పంపిచ్చినాడేమో ఎవరికి తెలుసు? దాటు, దాటు, ఆలీసమైతాంది నీకు!"

ఒంటరిగా దిగాను. నడుము లోతు. అవతలి గట్టు మీద కళ్ళు నిలిపి, కాళ్ళు జరుపుతూ పోయాను. ఈసారి తల తిరగలేదు. బూట్లు మెడకు వేసుకుని, వట్టి కాళ్ళతో, తుమ్మముళ్ళు చూసుకుంటూ పరిగెత్తాను.

గీత దాటేసరికి తొమ్మిదీ ముప్పై రెండు.

బల్ల దగ్గర రిటైరైన డ్రిల్లు మాస్టారు పుస్తకం పట్టుకుని ఉన్నారు. స్వప్న అప్పటికే నా గురించి ఆయనతో వాదిస్తోంది. ఆయన నా బురద కాళ్ళు చూసి గొంతు తగ్గించారు. "రెండు నిమిషాలే గదమ్మా. తొమ్మిదిన్నర అని రాసేద్దునా?"

పతకాల వైపు చూడకుండా ఉండలేకపోయాను. బాధ వేసింది, అబద్ధమెందుకు? "వద్దు సార్. ఎంతుంటే అంతే రాయండి," అన్నాను. నా పేరు, దాని ఎదుట మూడు గంటల రెండు నిమిషాలు. ఆయన గుండ్రటి అక్షరాలతో రాస్తుంటే వంగి ఆఖరి అంకె దాకా చూశాను. స్వప్న తన పతకం తీసి నా మెడలో వేయబోయింది. "నీ కాళ్ళు సంపాదిచ్చింది, నీ మెడలోనే బాగుండాది," అన్నాను.

వెళ్ళదలచినవాళ్ళకు మూడు మాటలు. దారాలు త్వరగా విప్పగలిగే బూట్లు వేసుకోండి. గడువులో పది నిమిషాలు వంక ఒడ్డున నిలబడడానికి ఉంచుకోండి. పరుగు తరువాత టిఫినుకు పెట్టే బొరుగుల ఉగ్గాని, బజ్జి మాత్రం వదలకండి.

పన్నెండూ పదికి అనంతపురం బస్సు. కండక్టరమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఏమక్కా, బురదలో పొర్లినావా?"

"పందెంలో పరిగెత్తినా."

"గెలిచినావా?"

"లేదమ్మా. వంకలో నీళ్ళుండె, రెండు నిమిషాలు ఆలీసమాయ."

వెనక సీటులో తలగుడ్డ పెద్దాయన ముందుకు వంగాడు. "ఏమంటివి, నీళ్ళుండి ఆలీసమాయనా? డెబ్బై ఏండ్లుండాయి నాకు. నీళ్ళు లేక చెడినోళ్ళనే చూసినా గానీ, మన సీమలో నీళ్ళుండి ఆలీసమైనోళ్ళని ఇప్పుడే చూస్తాండా. ఏటేటా ఇట్లే ఆలీసం కానీలేమ్మా!"

బస్సంతా నవ్వింది. "ఆమేన్," అన్నాను నేను.