దేవరాజులన్న ఒకే ఒక్క ప్రశ్న

తిరుచానూరులో మందులంగడి పెట్టుకోనుండే దేవరాజులన్నకు ఒకే ఒక్క జబ్బు. ఎవురొచ్చి ఏమడిగినా సరే, “ఎన్ని గంటలైంది?” అని అడగందే ఆయన చెయ్యి బీరువా మీదికి పోదు. జ్వరం మాత్రకు అడిగితే అర్థముంది. సబ్బుకు అడిగితే ఏం చెప్పేది? గొంతైనా చిన్నదా అంటే అదీ లేదు. అంగట్లో ఆయన అడిగితే వీధి చివర పూలంగళ్ళ కాడ జవాబు చెప్తారు.

ఒకరోజు పూలమ్మే గురప్ప దువ్వెన కొనేదానికి వచ్చినాడు.

“ఎన్ని గంటలైంది?”

“దేనికప్పా?”

“దువ్వెనకు!”

గురప్ప బట్టతల నిమురుకున్నాడు. “నేను దువ్వుకోని ఇరవై ఏండ్లయింది. ఇది నా పెండ్లానికి.”

“ఇరవై ఏండ్లా! కొంచెం ముందే వచ్చుండాల్సింది” అని దేవరాజులన్న దువ్వెన చేతిలో పెట్టినాడు. నీళ్ళ బాటిలడిగిన యాత్రికులైతే పాపం, రైలు గురించి అడగతా ఉండాడేమో అని వాచీ చూసుకుంటారు.

ఆయన అంగడికి నాలుగిండ్ల అవతలే మా కాపురం. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా అందరికన్నా గట్టిగా నవ్వేదాన్ని నేనే. ఒక శుక్రవారం రాత్రి మా ఇంట్లో కండోం చినిగిపోయినాంక నవ్వు ఆగిపోయింది.

నా బిడ్డకు అప్పటికి పది నెలలు. సిజేరియన్ కానుపు. ఇంకొకటి ఇప్పుడే వస్తే నీ ఒళ్ళు తట్టుకోదు రాజశ్రీ అని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. శనివారం మా ఆయన మునికుమార్ “కడుపు రాకుండా ఏసుకునే మాత్ర నేను తెస్తాలే” అని ఛాతీ విరుచుకోని పోయి, అంగట్లో జనాన్ని చూసి దగ్గు బిళ్ళలు తెచ్చినాడు. మగోడి ధైర్యం అంతే! నాది మాత్రం ఏం గొప్ప? ఆ ప్రశ్నకు భయపడి ఆదివారం రెండుసార్లు, సోమవారం ఒకసారి పోయి మూడు పౌడరు డబ్బాలు కొనుక్కోనొచ్చినాను. పౌడరుకూ అడిగినాడు మహానుభావుడు.

మంగళవారం పొద్దున తొమ్మిదికి, ఏమైతే అదయింది అని పోయినాను. వెనక గురప్ప దగ్గుతా నిలబడుండాడు. సెల్లులో మాత్ర పేరు కొట్టి చూపించినాను. దేవరాజులన్న చూసి, ఎప్పట్లాగే అరిచినాడు.

“ఎన్ని గంటలైంది?”

“ఎ... ఎనభై రెండు.”

“నీ దగ్గే నయం పాపా, నాది ఎనిమిది రోజులు!” అన్నాడు గురప్ప.

ఒక్కరూ నా దిక్కు చూడలేదు.

“డేటు చూడాల, ఇట్లా రామ్మా” అని దేవరాజులన్న నన్ను పక్కకు పిలిచినాడు. ఆ మనిషికి గొంతు తగ్గించేది కూడా వచ్చునని అప్పుడే తెలిసింది.

“టైము దాటిపోయిందా అన్నా?” నాకు ఏడుపొచ్చేసింది.

“యాడ దాటింది? ఈ మాత్ర అండం విడుదలయ్యేదాన్ని వెనక్కి జరుపుతాది, అంతే. అందుకే ఎంత తొందరగా ఏసుకుంటే అంత మేలు, మూడు రోజుల్లోపల. ఇప్పుడు దాని బలం తగ్గిపోయింటాది. ఐదు రోజుల దాకా పనిచేసే మాత్ర ఇంకోటుండాది గాని మన పక్క దొరకడం కష్టం. అన్నిటికన్నా గట్టిది కాపర్-టీ. ఐదు రోజుల్లోపల ఏయించుకుంటే చాలు. నీకు రేపు రాత్రి దాకా గడువుండాది. అయినా ఈ పొద్దే పో.”

“పడిన కడుపును తీసేసినట్టు కాదు కదన్నా?”

“కాదు తల్లీ. అసలు కడుపే రాకుండా చూసేది. పాలిచ్చేవాళ్ళకూ ఇబ్బంది లేదు. నచ్చితే అట్నే ఉంచుకో, పదేండ్లు నిశ్చింత.”

నాకేమీ అమ్మకుండా, ఆస్పత్రిలో లోకేశ్వరి డాక్టరమ్మకు ఫోను చేసి పంపించినాడు. మధ్యాన్నానికి పనైపోయింది. మూడు వారాలకు పరీక్ష చేసుకుంటే కడుపు లేదని తేలింది. అబ్బ, ఆ రోజు పీల్చిన గాలే వేరు!

ఆ సంగతి చెప్పేదానికి పోయి, “సబ్బుకు కూడా ఎందుకన్నా అడిగేది?” అన్నాను.

“ముందు ఆ మాత్రకొచ్చినోళ్ళను మాత్రమే అడిగేవాణ్ణి. ఒకసారి ఒక పాపను అడిగితే అంగడంతా తిరిగి చూసింది. మాత్ర తీసుకోకనే ఎళ్ళిపాయ, మళ్ళీ రాలేదు. గంటలు తెలియందే నేను సరైన మందు చెప్పలేను. అందుకే అప్పటినించి అందరినీ అడగతా.”

ఇన్నాళ్ళూ నవ్వినందుకు సిగ్గేసింది. అంతలో కాలేజీ పిల్ల ఒకతె పౌడరు డబ్బా పట్టుకోని వచ్చి నిలబడింది.

“ఎన్ని గంటలైంది?” అన్నాడాయన.

పిల్ల ముఖం పాలిపోయింది. నేను గొంతెత్తి, “నాకు మూడు వారాలు!” అన్నాను.

“నాకు నెల. ఈ దగ్గు పోయేట్టు లేదు!” అన్నాడు వెనకనించి గురప్ప.

పిల్ల మెల్లగా, “పది గంటలు” అంది.

“ఓయబ్బ, బోలెడు టైముండాది! ఇట్లా రామ్మా, డేటు చూడాల” అన్నాడు దేవరాజులన్న.

నేను ఆ పిల్ల చేతిలోని డబ్బా తీసి అరలో పెట్టేసినాను. “ఇది నీకెందుకులే పాపా. కావాలంటే మా ఇంట్లో మూడుండాయి.”