గోడ మీద నేను చదివిన పేరు

నేను ఐదో తరగతి వరకు చదివాను. ఐదో తరగతి మాత్రం రెండుసార్లు చదివాను, అంత ఇష్టం నాకు ఆ బెంచీ అంటే. కామాటిపురలో చదువు రాక చెడినవాళ్లు గల్లీకి పదిమంది ఉన్నారు. చదువొచ్చి చెడినవాణ్ణి నేనొక్కణ్ణే.

నవ్వండి. నవ్వించడం తప్ప నాకు ఇంకేమీ చేతకాదని మా చాళ్‌లో, ఆ వరస గదుల పాత మేడలో, పిల్లలకు కూడా తెలుసు. కానీ ఏడేళ్లుగా ఒక మనిషి పేరు నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేదు. ఉమ్మలేదు. అది నోట్లో ఉండగానే బారసాలల్లో, పెళ్లిళ్లలో అందరినీ పొట్ట పట్టుకునేలా నవ్వించాను. ఇవాళ మీ ముందు ఉమ్మేస్తున్నాను. క్షమించమని అడగడానికి కాదు. ఆ పని మీది కాదు, మీరెవరో నాకు తెలియదు కూడా. తెలియదు కాబట్టే చెబుతున్నాను.

నర్సింలు నా దోస్తు. మూడో అంతస్తులో మావి ఎదురెదురు గదులు. వాళ్ల నాన్న చెన్నయ్య పాలమూరు నుంచి కూలికి వచ్చినవాడు, రాతి గోడ కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. నర్సింలుకు మూడేళ్లప్పుడు ఒక మేస్త్రీ ముఠా కట్టి చెన్నయ్యను హిమాచల్ కొండల్లో రోడ్డు పనికి తీసుకుపోయాడు. అక్కడ కొండచరియ విరిగిపడింది. చెన్నయ్య తిరిగి రాలేదు. శవమూ రాలేదు. అక్కడే కాల్చేసి, కడుతున్న గోడ మీద ఉలితో అతని పేరు చెక్కామని మేస్త్రీ వచ్చి చెప్పాడు. నది కుడిచేతికి ఉంటుంది, పెద్ద మలుపు, రాతి గోడ, పేరు తెలుగులో ఉంటుంది. ఇవే గుర్తులు.

ఆ ఇంట్లో చెన్నయ్య ఫోటో కూడా లేదు. పెత్రమాస నాడు మావాళ్లందరూ పోయిన పెద్దలకు వండి పెడతారు. నర్సింలు తల్లి అంజమ్మ పెద్దమ్మ ఖాళీ గోడ ముందు విస్తరి వేసి, బువ్వ పెట్టి, గోడతో మాట్లాడేది. చిన్నప్పుడు నేను దాని మీద కూడా జోకు వేశాను. ఆ జోకు ఇక్కడ రాయను.

నర్సింలు మరాఠీ బడిలో చదివాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. సెకండ్‌హ్యాండ్ బండి కొన్న రోజే నా దగ్గరికి వచ్చి, నాన్న గోడ చూడటానికి పోదామన్నాడు. నేనెందుకురా, బండి మీద పక్కనున్న భాయ్‌ఖలా దాకా కూర్చుంటేనే నా నడుము పోతుంది అన్నాను. "గోడ దొరికినా పేరు చదవాలె గదరా. నువ్వు చదువుతవ్" అన్నాడు. నా ఐదో తరగతితో ఒకరికి పనిపడటం నా జన్మలో అదే మొదలు. పొంగిపోయాను. పొంగినవాడికి నడుము గుర్తుంటుందా?

నాసిక్ ఘాట్ నుంచి కొండలు మొదలయ్యే దాకా దారి పొడవునా వాణ్ణి నవ్విస్తూనే ఉన్నాను. కొండల్లోకి పోయాక చూశాను, రోడ్డంటే ఏమిటో. కొండ నడుముకు గోరుతో గీసిన గీత అది. చెట్టు లేదు. పొద్దున బూడిదరంగులో ఉన్న కొండ మధ్యాహ్నానికి ఇటుక రంగుకు తిరిగేది. ఎక్కడో కింద నది, ఎండలో మెరిసే తీగలా. ఇంత అందం ఉన్నచోట మనిషికి పనేంటి అనిపించింది. ఆ అందానికి అడ్డంగా గోడలు కట్టి మనకు దారి ఇచ్చింది ఎవరు? చెన్నయ్యలాంటి వాళ్లే కదా. ఆ మాట నర్సింలుతో అనాలనుకున్నాను. అనలేదు. నా నోటికి జోకు అలవాటు, ఇలాంటివి రావు.

కొండల్లో రెండో రోజు ఒక వాగు దాటుతుంటే బండి జారింది. వెనక చక్రం రోడ్డు అంచు దాటి గాల్లో తిరిగింది. వెనక కూర్చున్నది నేను. నా కాలి కింద ఏమీ లేదు. నర్సింలు బండిని ముందుకు లాగి, వెనక్కి తిరిగి నవ్వాడు. నేనూ నవ్వాను. అదే ఆ ప్రయాణంలో నా ఆఖరి నవ్వు. ఆ తర్వాత బండి మీద నేను ఒక్క మాటా మాట్లాడలేదని వాడు గమనించలేదు. హెల్మెట్‌లో ఉన్నవాడు మాట్లాడకపోతే ఎవరికి తెలుస్తుంది?

దారిలో ఒక టీ కొట్టు ముసలాయన, ముందు ఇంకా మూడు వాగులున్నాయన్నాడు. ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి, ఆగిపొమ్మన్నాడు. నర్సింలు వినలేదు. గంటలోపు ఒక పెద్ద మలుపు వచ్చింది. నది కుడిచేతికి ఉంది. రాతి గోడ ఉంది. గోడ మీద అక్షరాలు, మన అక్షరాలు. నర్సింలు స్టాండు కూడా వెయ్యకుండా దూకాడు. బండి నా మీద పడింది. వాడు చూడలేదు. గ్లౌజు తీసి అరచేత్తో దుమ్ము తుడుస్తున్నాడు.

"రారా! చదువ్!"

వెళ్లి చదివాను. కుర్మయ్య అని ఉంది.

ముందు మలుపులో వాగు చప్పుడు వినిపిస్తోంది. అంతే. నేను ఆలోచించానని చెప్పను. ఒక్క ఊపిరి పట్టినంత సేపు.

"మా నాయినదేనారా? చెప్పవేందిరా!"

"అవ్. చెన్నయ్య."

"మల్లొక్కసారి."

"చెన్నయ్య అనే ఉందిరా."

"యాడుంది? నా ఏలు పట్టి చూపెట్టు."

వాడి వేలు పట్టుకున్నాను. చలికి కొయ్యలా ఉంది. ‘కు’ మీద పెట్టి ‘చె’ అన్నాను. ‘ర్మ’ మీద పెట్టి ‘న్న’ అన్నాను. చివరి ‘య్య’ ఒక్కటే నిజం. వాడు ఆ గోడకు నుదురు ఆనించి ఏడ్చాడు. ఫోటో తీద్దామంటే వాడి ఫోను చలికి చచ్చిపోయింది. నాదీ పోయిందని చెప్పాను. నా జేబులో దానికి ఇంకా ముప్పై శాతం ప్రాణం ఉంది. ఫోటో ఉంటే చాళ్‌లో తెలుగొచ్చినవాడు ఎవడైనా చదువుతాడు. చూశారా, భయపడ్డ మనిషికి బుర్ర ఎంత బాగా పనిచేస్తుందో! బడిలో అలా పనిచేసి ఉంటే ఆరో తరగతి చూసేవాణ్ణి.

గోడ కింద ఊడిపడి ఉన్న ఒక రాయిని వాడు చొక్కాలో చుట్టుకున్నాడు. బండి తిప్పాం.

బండి తిప్పించినందుకు నాకు సిగ్గు లేదు. ఈ మాట ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఇలాగే చెబుతాను. రెండు ప్రాణాలు ఇంటికి వచ్చాయి. మళ్లీ ఆ వాగు ముందు నిలబెడితే మళ్లీ వెనక్కే తిప్పిస్తాను. కానీ ఒకటుంది, ఏడేళ్లుగా నన్ను తింటున్నది అదే: "భయమేస్తుందిరా, పోదాం పా" అని ఉంటే నర్సింలు బండి తిప్పేవాడు. నాలుగు తిట్లు తిట్టి తిప్పేవాడు. మర్నాడు పొద్దున్నే, నీళ్లు తగ్గాక, మళ్లీ వెళ్లి ఉండేవాళ్లమేమో. ఆ తర్వాతి మలుపులోనే చెన్నయ్య ఉన్నాడేమో. నలుగురిని నవ్వించేవాడు భయపడ్డాడని తెలియకూడదని, ఒకడి తండ్రిని ఇంకొకడి పేరు కింద పాతిపెట్టాను. అంత విలువైనదా నా పరువు? ఐదో తరగతి రెండుసార్లు తప్పినవాడి పరువు?

ఇంకా కోపం వచ్చేది ఏమిటంటే, నా అబద్ధం బ్రహ్మాండంగా పనిచేసింది. ప్రతిదానికీ కయ్యానికి దిగే నర్సింలు చల్లబడ్డాడు. నాన్నను చూసొచ్చాను, ఇక బండితో పనేముందని బండి అమ్మేశాడు. పెద్దమ్మ ఆ రాయికి పసుపు పూసి, బొట్టు పెట్టి, దేవుడి పటాల పక్కన కూర్చోబెట్టింది. ఏడు పెత్రమాసలు ఆ రాయి ముందు విస్తరి వేసింది. ప్రతిసారీ నన్ను పిలిచి తినమనేది, పేరు చదివినవాణ్ణి కదా. ఏడుసార్లూ తిన్నాను. రెండోసారి పప్పు కూడా వేయించుకున్నాను.

పోయిన నెల మా చాళ్ ఖాళీ చేశాం. కూల్చి పెద్ద బిల్డింగ్ కడతారట. నర్సింలు వాళ్లు వర్లిలో అద్దె గదికి వెళ్లారు. సామాను దింపే రోజు వాడు కింద టెంపోకు తాళ్లు బిగిస్తున్నాడు. పెద్దమ్మ పాత చీరలో రాయిని చుట్టి నా చేతుల్లో పెట్టింది. "నువ్వు చదివి తెచ్చినవ్. నువ్వే దింపు" అంది. ఒక అంతస్తు దిగాను. రెండోది దిగలేకపోయాను. చెక్కమెట్ల మీద కూలబడ్డాను. వెనక నుంచి పెద్దమ్మ వచ్చి ఏమైందిరా అంది. చెప్పేశాను. వాగు, గోడ, వేలు, కుర్మయ్య, ఫోను, అంతా. జోకు ఒక్కటీ వెయ్యలేదు.

నర్సింలుకు ఇంకా చెప్పలేదు. ఇది తెలుగులో రాస్తున్నాను, వాడు చదవలేడు. వచ్చే ఆదివారం వర్లికి పోయి నేనే చదివి వినిపిస్తాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువుతాను. కొడతాడేమో. కొట్టనీ. మొహం ముడుచుకుని మాట్లాడటం మానేస్తాడేమో, అది మాత్రం నాకు కష్టం. అయినా చదువుతాను. పేరు నోట్లోంచి బయటపడింది, నాలుక తిరుగుతోంది, నాకది చాలు.

ఇక పెద్దమ్మ మెట్ల మీద అన్న మాట. రాయి మీద చీర జారితే సర్దింది. తర్వాత అంది:

"నా మొగడు ఏడేండ్లు ఉపాసమున్నడు. గది నీ మీదుంటది, నేను తుడువ. గా కుర్మయ్య పెండ్లాం యాడుందో, ఖాళీ గోడకే పెడ్తుందేమో. ఏడేండ్ల సంది ఆయిన నా ఇంట్ల తిన్నడు. ఇప్పుడు విస్తరి ముందలికెల్లి లెవ్వమంటనా? లేవాల్సింది నువ్వు. లే. మెట్లకడ్డం కూసున్నవ్."