రమ్య కళ్లు మూసుకుని చూసిన కాలేజీ

2023 జూలై. సుచిత్ర చౌరస్తాలో, మందుల షాపు పైన మా కౌన్సెలింగ్ ఆఫీసు. ఇంటర్ పూర్తయిన పిల్లలకు ఏ కాలేజీ నప్పుతుందో చెప్పడం నా పని. ఆ రోజు ముసురు పట్టింది. తడిసిన కిటికీ అద్దంలోంచి సిగ్నల్ లైట్లు గదంతా ఎర్రగా, పచ్చగా పరుచుకుంటుంటే, మెలకువలోనే కలగంటున్నట్టుంది నాకు.

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మల్లేశం, తన కూతురు రమ్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్లకు ఫీజు మాఫీతో రెండుచోట్ల సీటొచ్చింది. ఒకటి వాళ్లింటికి దగ్గర్లోని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. అంటే మొదట సైన్సు, చరిత్ర, సంగీతం అన్నీ రుచి చూసి, తర్వాత ఒకటి ఎంచుకునే చదువు. రెండోది సిటీలో పెద్ద యూనివర్సిటీ. సాయంత్రంలోగా ఏదో ఒకటి వదులుకోవాలి.

"ఇగ చిన్నదే ఖాయం మేడం," అన్నాడు మల్లేశం. "ఇంటర్వ్యూకు పోతే నాకు కుర్సీ ఏసి చాయ్ తాపిచ్చిన్రు. వల గురించి మస్తు అడిగిన్రు."

నా ఓటూ దానికే. అయినా నాకో అలవాటుంది. పిల్లల్ని కళ్లు మూసుకోమని, అక్కడ గడిపే ఓ మామూలు మధ్యాహ్నం ఎలా ఉంటుందో చెప్పమంటాను.

రమ్య కళ్లు మూసుకుంది. "చిన్న కాలేజీల పదిమందిమి చెట్టు కింద కూసున్నం. సారు నన్ను చెరువు గురించి చెప్పమంటుండు. చెప్తున్న." నొసలు ముడిచింది. "రేపు గూడ గదే అడుగుతడు."

"మరి పెద్దది?"

ఆ పిల్ల ముఖం విచ్చుకుంది. గొంతు ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టుంది. "పే...ద్ద హాలు. నేనెవరో ఎవ్వరికీ ఎరుక లేదు. ఎనక బెంచీల కూసున్న. పక్క పిల్ల నీకేమిష్టం అంటాంది. ఆకాశంల చుక్కలెట్ల పుడతయో సదవాలె అంటున్న."

మల్లేశం ముఖం మాడిపోయింది. "నా బిడ్డవని చెప్పుకోనీకె నామోషా?"

"అయ్యో, కాదు నాయినా!" రమ్య కళ్లు తెరిచి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆ చిన్న కాలేజీ ఇంటర్వ్యూల చెరువు, వల, నువ్వు... గివే అడిగిన్రు. నాకేం సదవాలనుందో ఒక్కలన్న అడిగిన్రా?"

మల్లేశం తన కుర్చీని కూతురి వైపు జరుపుకున్నాడు.

"ఆళ్లదాక ఎందుకు, నేను సుత అడగలే," అన్నాడు. "చెప్పు బిడ్డా, ఆ చుక్కల సంగతేంది?"

రమ్య చెప్పడం మొదలుపెట్టింది. ఆయనకెంత అర్థమైందో గానీ, కూతురి ముఖం మీంచి చూపు తిప్పుకోలేదు. సాయంత్రం పెద్ద యూనివర్సిటీకే ఖాయం చేశాం.

చిన్న కాలేజీలో పిల్లల్ని బాగా పట్టించుకుంటారని ఇప్పటికీ చెబుతాను, అబద్ధమేం కాదు. కానీ ఎవరూ ఎరగని చోట కూర్చుని, తానెవరో తానే చెప్పుకోవాలని ఆశపడే పిల్లలూ ఉంటారు. అది కన్నవాళ్లను కాదనడం కాదని నాకు తెలిసింది రమ్య వల్లే.