సత్తెమ్మ తిట్టిన పిల్లగాడు

చలానా కేసులకు తప్ప పనికిరాదని కోర్టులో తోటి వకీళ్లు వాసంతిని ఆటపట్టించేవారు. ఆవిడ పట్టించుకుంటేగా! మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగం మానేసి మరీ నల్లకోటు వేసుకున్న మనిషి, ఒకళ్లు నవ్వితే జంకుతుందా? కానీ ఆ రోజు మాత్రం జంకింది.

రోజూ తనను క్యాబ్‌లో కోర్టుకు దింపే యాదయ్య కొడుకు రాకేష్ బోనులో తల దించుకుని నిలబడ్డాడు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. నానక్‌రామ్‌గూడలో, ఆఫీసులో ఊడ్చే పనికి వెళ్తున్న సత్తెమ్మను బైకుతో గుద్ది, కాలు విరగ్గొట్టి పారిపోయాడని కేసు. రుజువైతే జైలు, చదువు గంగపాలు. అతని తరఫు వకీలు వాసంతే.

"గుద్దిండంటే నమ్ముత మేడం. వదిలేసి పోయిండంటే మాత్రం నమ్మ," అన్న యాదయ్య, లోపలికి రావడానికి ధైర్యం చాలక బయటే ఆగిపోయాడు.

హెల్మెట్ తీసేసి తనే ఆవిణ్ణి ఆసుపత్రికి చేర్చానని, పోలీసులొస్తారనగానే భయపడి జారుకున్నానని రాకేష్ వాసంతికి ముందే చెప్పాడు. గుద్దిన తప్పు ఒప్పుకుందామంది వాసంతి. పారిపోలేదని చెప్పే సాక్షే దొరకలేదు. దొరికిన ఒక్క సత్తెమ్మేమో సాక్షి బోనెక్కి గుద్దినవాణ్ణి ఏడు తరాలతో కలిపి తిడుతోంది!

"మరి ఆసుపత్రికి మిమ్మల్ని ఎవరు తీసుకెళ్లారండీ?" అడిగింది వాసంతి.

"ఒక పిలగాడు మేడం, బంగారం! షేర్ ఆటోల అందర్ని దింపి, నన్ను పండవెట్టి తోల్కపోయిండు. వాని కడుపు సల్లగుండ!"

వాసంతి రాకేష్ వైపు తిరిగింది. "తలెత్తు బాబూ."

సత్తెమ్మ ముందుకు వంగి వాడి మొహంలోకి చూసింది. "నువ్వా? గుద్దింది గూడ నువ్వేనా?"

"నేనే పెద్దమ్మా. చెప్తే నువ్వు నాతోని ఆటో ఎక్కవనుకున్న."

"ఓరి పిచ్చోడా!" అని జడ్జిగారి వైపు తిరిగింది సత్తెమ్మ. "సారూ, వీడు పారిపోతే నన్ను దవాఖానకు తెచ్చిందెవరు?"

నవ్వు ఆపుకోలేక జడ్జిగారు నానా తంటాలు పడ్డారు. పారిపోయాడన్న నేరం కొట్టేశారు. గుద్దినందుకు జరిమానాతో సరిపెట్టారు. వాసంతికి అక్కడే ఎగిరి గంతేయాలనిపించింది, కోటు గుర్తొచ్చి ఆగింది గానీ!

కుంటుకుంటూనే రాకేష్ చెవి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది సత్తెమ్మ. యాదయ్య కళ్లు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఇగో, నీ కొడుకును పట్టుకో అన్నా. పిలగాడు మంచోడే, బండి తోలుడే రాదు."